పశువు కడుపులో సూదంటురాయి

పాడిగేదె ఒకనాడు ఉన్నట్టుండి మేత మానును. పాలు సగమునకు పడిపోవును. వీపు వంచి, ముందుకాళ్ల మోచేతులు ప్రక్కకు తీసి నిలుచును. పల్లమునకు నడిపించినచో మూలుగును. దిష్టి తగిలినదని కొందరు, అజీర్తియని కొందరు చెప్పుదురు. అజీర్తి మందులకు లొంగనపుడు పశువైద్యులు అనుమానించు కారణములలో ముఖ్యమైనది, మేతతోబాటు లోపలికి పోయిన ఇనుప ముక్క.

ఆవు గాని గేదె గాని మేతను ఏరి తినదు. నాలుకతో చుట్టి, కొద్దిగా నమిలి మ్రింగి, పిదప తీరికగా నెమరువేయును. గడ్డిలో మేకున్నను, తీగ ఉన్నను దానికి తెలియదు. బరువైన వస్తువు రెండవ కడుపును, అనగా లోపల తేనెపట్టువంటి గదులు గల చిన్న సంచిని, చేరును. ఆ సంచి ఇంచుమించు నిమిషమునకొక మారు ముడుచుకొనుచుండును. ముడుచుకొన్నపుడెల్ల మేకు మొన గోడలోనికి దిగును. ఆ గోడకు ముందు ఊపిరితిత్తులను, కడుపును వేరుచేయు పొర, దానికావల గుండె. నడుమ దూరము స్వల్పము. మొన గుండెను కప్పిన పొరను చేరినచో రొమ్ము, దవడల క్రింది భాగము నీరుపట్టి వాచును. అట్టి పశువు బ్రతుకుట అరుదు.

దీనిని నివారించుటకు పశువైద్యులు వాడు సాధనము అయస్కాంతము. మన పెద్దలు దీనిని సూదంటురాయి యనిరి. సూదిని అంటించుకొను రాయి. మాగ్నటైటు అను ఇనుప ఖనిజమునకు కొన్నిచోట్ల సహజముగనే ఈ గుణము కలదు. అయస్కాంతమనగా ఇనుమునకు ప్రియమైనదని అర్థము. పేరు పెట్టినవారు ఎరిగియే పెట్టిరి. రాగిచెంబును, ఇత్తడిగంటను అది పలుకరింపనైన పలుకరింపదు.

ఇనుమునందు మాత్రమేల ఈ మక్కువ? ప్రతి పదార్థమునందును పరమాణువులు, వానిలో ఎలక్ట్రానులు కలవు. ఒక్కొక్క ఎలక్ట్రాను అతిసూక్ష్మమైన అయస్కాంతము. పెక్కు పదార్థములలో ఇవి జతలుగా, ఒకదానికొకటి ఎదురుగా నుండి పరస్పరము బలమును చెరుపుకొనును. రాగి, నీరు ఇట్టివి. బలమైన అయస్కాంతము వీనిని రవంత దూరముగా నెట్టును గూడ. అల్యూమినియము ఆకర్షింపబడును గాని, అది చేతికి తెలియనంత తక్కువ. 1845లో మైకేల్ ఫారడే అనేక పదార్థములను పరీక్షించి, అన్నియు ఎంతో కొంత అయస్కాంతమునకు స్పందించునని చూపెను.

ఇనుము, నికెలు, కోబాల్టుల తీరు వేరు. వీనిలో లెక్కలేనన్ని పరమాణువులు గుంపులుగా ఒకే దిక్కునకు తిరిగియుండును. అయితే గుంపు గుంపునకు దిక్కు మారుటచే మామూలు మేకు అయస్కాంతము కాదు. సంతలో జనము తలకొక దిక్కు చూచుచుందురు. ఊరేగింపు వచ్చినచో అందరి ముఖములు అటు తిరుగును. అట్లే అయస్కాంతము దరికి రాగా, దానికి అనుకూలముగా తిరిగిన గుంపులు పెరిగి తక్కినవి తరుగును. అపుడు మేకే తాత్కాలికముగా అయస్కాంతమగును. ఉత్తరధ్రువము చూపినచో మేకులో ఆ వైపున దక్షిణధ్రువము, దక్షిణము చూపినచో ఉత్తరధ్రువము ఏర్పడును. విజాతి ధ్రువములు ఆకర్షించుకొనును గనుక, ఏ కొన చూపినను మేకు వచ్చి అంటుకొనును.

మెత్తని ఇనుములో ఈ అమరిక అయస్కాంతము తొలగగానే చెదరును. గట్టి ఉక్కు దానిని నిలుపుకొనును. వేడి మాత్రము అమరికకు శత్రువు. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన ఇనుమును అయస్కాంతము పట్టదు. కొలిమిలో బాగుగా ఎర్రబారిన కడ్డీయే ఇందుకు సాక్షి. పశువు కడుపులోని వేడి సుమారు 39 డిగ్రీలే గనుక అచ్చట అయస్కాంతమునకు చేటు లేదు.

పశువులకు వాడునది అల్నికో అను మిశ్రలోహముతో గాని, ఫెరైటుతో గాని చేసిన నున్నని కడ్డీ; పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. పశువైద్యుడు దానిని నోటి ద్వారా మ్రింగించును. బరువుచే అది రెండవ కడుపు అడుగున చేరి సాధారణముగా జీవితాంతము అచ్చటనే యుండును. తరువాత వచ్చిన మేకులు, తీగలు దానికి అంటిపెట్టుకొనుటచే మొన గోడకు గ్రుచ్చుకొను అపాయము తగ్గును.

ఇది అన్నిటికిని మందు కాదు. రాగి, అల్యూమినియము తీగలను, పెక్కు రకముల స్టెయిన్‌లెస్ స్టీలును, ప్లాస్టిక్ సంచులను ఇది పట్టదు. గోడను దాటిపోయిన సూదిని వెనుకకు లాగజాలదు. అయస్కాంతపు బలము దూరముతో బహు త్వరగా తగ్గును. బెత్తెడు దూరమున కదలని గుండుసూది దాపునకు రాగానే ఎగిరి అంటుకొనుట మనమెరుగుదుము. అందుచే దీనిని వ్యాధి వచ్చిన పిదప గాక, పెయ్య ఎదకు వచ్చు ఈడుననే వేయించుట మేలని మా అభిప్రాయము.

మేతలోని ఇనుమును ముందే ఏరివేయుట ఇంకను సులభము. చొప్ప నరకు యంత్రములో పడిన తీగ ముక్కలై మేతంతట కలియును. పాత టైర్లతో చేసిన తొట్లు చీకినపుడు లోపలి ఉక్కుతీగలు ఊడిపడును. పాడైన లౌడుస్పీకరులోని వలయపు అయస్కాంతమును గంపలోని మేతలో కలియత్రిప్పినచో ఏమేమి అంటుకొని వచ్చునో చూచి ఇంటివారే ఆశ్చర్యపడుదురు. దానిని పశువునకు మాత్రము మ్రింగింపరాదు.

సంతలో కొన్న పశువు లోపల ఇదివరకే అయస్కాంతమున్నదేమో తెలిసికొనుటకు దిక్సూచి చాలును. ఎడమ ముందుకాలి మోచేతి వెనుక, రొమ్మునకు దగ్గరగా దానిని పట్టవలెను. ముల్లు ఉత్తరమును విడిచి పశువు వైపు తిరిగినచో లోపల ఒకటి ఉన్నట్లే, రెండవది వేయించనక్కరలేదు.