ఊఱుఁగాయ, వరుగు

తెలుఁగునాట పల్లెకుటుంబములు తమ పెరటిలోను తోఁటలోను పండిన వేసవిపంటను తక్కిన ఋతువులకు నిలువచేయు మార్గములు ముఖ్యముగా రెండు. ఒకటి ఊరవేయుట, రెండవది ఎండఁబెట్టుట. మొదటిదాని ఫలము ఊఱుఁగాయ. రెండవదాని ఫలము వరుగు. నిఘంటువునుండి యర్థము వ్రాసికొన్నంతమాత్రమున నీ పదములు తెలిసినట్లు కాదు. పని యెట్లు జరుగునో యెఱిఁగినప్పుడే పదము తెల్లమగును.

ఊఱుఁగాయ 'ఊఱు' అను క్రియకు 'కాయ' చేరఁగా నేర్పడిన సమాసము. ఇందలిది శకటరేఫము. నేఁటి వ్రాఁతలో నది సాధురేఫమై 'ఊరగాయ' యగుటచే గ్రామవాచకమగు 'ఊరు'తో దీనికి సంబంధము కలదని బాలురు భ్రమపడుటకు వీలున్నది. 'ఊఱు' ధాతువున కర్థములు రెండు: లోపలినుండి ద్రవము స్రవించుట యొకటి, ద్రవమున నానుట మఱియొకటి. బావిలో నీరూరును, నీటిలో పప్పూరును. జాడిలో నీ రెండును వరుసగా జరుగును. ఉప్పు తగిలిన మామిడిముక్క మొదట తన రసమును వెలికి విడుచును. దానిని 'ఊట' యందురు. పిదప నా ముక్క యా యూటలోనే నానును. ఒక్క క్రియాపదము పాకమునంతయు చెప్పుచున్నది.

వరుగు దీనికి విపర్యయము. ఇందు రసము నిలువదు, ఎండకు పోవును. మామిడి, వంకాయ, కాకర, దోస, గోరుచిక్కుడు మొదలగువానిని తఱిగి చాపలపై నెండఁబెట్టుదురు. మంచు తగులకుండ సాయంకాలము లోనికిఁ దెత్తురు. ముక్క గలగలలాడువఱకు నెండింతురు. తడి మిగిలినచో బూజు పట్టును. తమిళమున దీనికి సదృశమగు 'వఱ్ఱల్' అను మాటయు ఇంకుట యనునర్థముగల ధాతువునుండి పుట్టినదే.

ఈ పద్ధతుల ప్రాచీనతకు శ్రీకృష్ణదేవరాయల (రాజ్యకాలము 1509–1529) ఆముక్తమాల్యద ప్రమాణము. ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని యాతిథ్యమును కవి ఋతువులవారిగా వర్ణించెను. వేసవి విందున చెఱకుపాలు, ఎడనీళ్లు, ఫలములు, నీరుచల్ల గలవు. వానకాలపు విందున వడియములు, వరుగులు వచ్చును. శీతకాలపు విందున ఊఱుఁగాయ వచ్చును. ఈ పద్యములను వేఱువేఱుగాఁ జదివినచో నవి భోజనవర్ణనలు మాత్రమే. కలిపి చదివినచో సంవత్సరపు గృహతంత్రము కానవచ్చును. జడివానలో కట్టెలు తడిసి, కూరగాయలు కొఱవడిననాఁడు అతిథికి పెట్టుటకు వలయునది యెండకాలముననే సిద్ధపఱుపఁబడవలెను.

ఒక హెచ్చరిక. శీతకాలపు పద్యమున కారమునకు పేర్కొనఁబడినవి మిరియము, ఆవ. మిరపకాయ అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసువారి నౌకావ్యాపారమూలమున 16వ శతాబ్దమున మనదేశమునకు వచ్చినది. కావున నా పద్యములోని ఊఱుఁగాయను నేఁటి యెఱ్ఱని ఆవకాయగా బోధించుట తగదు. పద్ధతి ప్రాచీనము, రంగు నూతనము.

ఆవకాయలో నాలుగు రక్షలు కలవు. ఉప్పు కాయలోని నీటిని లాగి సూక్ష్మజీవులకు చాలినంత నీరు దక్కనీయదు. కాయపులుపు వాని పెరుఁగుదలను నిరోధించును. తడి తగిలిన ఆవపిండి ఘాటు వానిని మఱింత యణఁచును. పైకి తేలిన నువ్వులనూనె గాలిని తగులనీయదు. గాలి లేనిచో బూజు పెరుఁగదు. టెంక ముదిరిన పుల్లనికాయను తుడిచి, టెంకతోఁగూడ కొట్టుటకు కారణము ముక్క మెత్తఁబడకుండుటయే. మూఁడవనాఁడు కలియఁబెట్టి, నూనె చాలకున్న పోసి, జాడిమూతికి వాసెన కట్టుదురు. తడిగరిటె జాడిలో పెట్టరాదను ఇంటి పెద్దల యాంక్షకు నిదియే హేతువు: నీరు చేరినచోట ఉప్పుబలము తగ్గును.

ఈ రెండు మార్గములును కలిసినది మాగాయ. చెక్కు తీసిన ముక్కలను ఉప్పు, పసుపుతో మూఁడునాళ్లు ఊరవేసి, పిండి, యెండలోఁ బెట్టుదురు. ఊటయు నెండఁగాఁగును. పిదప రెంటిని జేర్చి కారము, మెంతిపిండి, కాఁచిన నూనె కలుపుదురు. ముక్క వరుగై, మరల ఊఱుఁగాయ యగును. ఇవి యన్నియు రోహిణికార్తె యెండలలో ముగియవలెను. మృగశిర ప్రవేశించిన పిమ్మట గాలి చెమ్మగిల్లును.

నేఁడు ఊఱుఁగాయ అంగడి సీసాలలో దొరకుచున్నది. వస్తువు దొరకుచున్నను పనితోడి మాటలు దొరకవు. ఊట, వాసెన, మాగవేయుట, ఒరుగు, తెలంగాణమున వినవచ్చు తొక్కు మొదలగునవి వండువారి నోటనే బ్రదుకుచున్నవి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటము కర్షకుల నోటినుండి వ్యవసాయపదములను సేకరించి ప్రకటించినది. ఆ శ్రద్ధయే వంటయింటి పదములకును కావలెను. పాఠశాలా పండితులు వేసవి సెలవులలో విద్యార్థులచేత నింటి పెద్దల నడిగించి, పదమును, అది వాడు సందర్భమును, పనిక్రమమును వ్రాయించినచో నది చాలినంత యారంభము. పని మానిన తరము వెనుక నిఘంటుకారునకు మిగులునది యక్షరములు మాత్రమే.