పరుగు తర్వాత ఒళ్లు నొప్పులా? ఏది మేలు, ఏది కీడు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మైదానాల్లో తెల్లవారకముందే చాలామంది యువతీ యువకులు సాధన మొదలుపెడతారు. కొందరిది కబడ్డీ, ఖోఖో. కొందరిది పోలీసు ఉద్యోగం కోసం పరుగు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. అలవాటు లేకుండా ఒక్కసారిగా పరుగెత్తినవారు రెండో రోజుకు మెట్లు దిగలేకపోతారు. అప్పుడు ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాము.

నొప్పి ఎందుకు వస్తుంది?

లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. కానీ అది గంట, గంటన్నరలోనే తొలగిపోతుంది. అలవాటు లేని శ్రమకు కండరాల పోగులు కొద్దిగా దెబ్బతినడమే అసలు కారణం. ఈ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, వారంలోపు దానంతటదే తగ్గుతుంది.

ఏ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుంది?

1. నిద్ర, ఆహారం, నీళ్లు: అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే. అన్నంతోపాటు పప్పు, గుడ్లు, పాలు తీసుకోవాలి. చెమట బాగా పడితే ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. సిరిసిల్లలో రాత్రి మరమగ్గాల దగ్గర నిలబడి, ఉదయం పరుగెత్తేవారికి ముందుగా కావలసింది నిద్రే.

2. మర్దన: నొప్పి, అలసట తగ్గించడంలో దీనికి మంచి ఫలితం కనిపించింది. తేలికగా చేస్తే చాలు.

3. చన్నీళ్లు: 10–15 డిగ్రీల నీళ్లలో 10–15 నిమిషాలు కూర్చుంటే నొప్పి కొంత తగ్గుతుంది. అయితే బరువులెత్తి కండ పెంచుకునేవారు రోజూ ఇలా చేస్తే కండ పెరుగుదల తగ్గవచ్చు. గుండె జబ్బు ఉన్నవారు చేయకూడదు.

4. నెమ్మది నడక: కాసేపు హాయినిస్తుంది. ఖర్చు లేదు.

5. కండరాలు సాగదీయడం: చేస్తే తప్పు లేదు. కానీ మరునాటి నొప్పి తగ్గడంలో దీని ప్రభావం చాలా తక్కువ.

నొప్పి మాత్రలతో జాగ్రత్త

డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, సూదులు వాడి మరునాడు మళ్లీ పరుగెత్తడం ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. నొప్పి తెలియకపోవడం వల్ల గాయమూ పెరుగుతుంది.

వెంటనే ఆసుపత్రికి రండి

మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, బాగా తగ్గిపోయినా, కండరాలు గట్టిగా వాచినా ఆలస్యం చేయవద్దు. దెబ్బతిన్న కండరాల నుంచి వెలువడే పదార్థం మూత్రపిండాలను పాడుచేస్తుంది. తొందరగా సెలైన్ ఎక్కిస్తే చాలామంది కోలుకుంటారు. ఎండలో పరుగెత్తి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా వెంటనే నీడలో పడుకోబెట్టి, ఒంటినిండా చన్నీళ్లు పోస్తూ, విసురుతూ 108కు ఫోన్ చేయండి. స్పృహ లేనివారికి నోట్లో నీళ్లు పోయకండి.

పరీక్ష తేదీ వచ్చేదాకా ఆగకుండా, కొన్ని నెలల ముందే మొదలుపెట్టి దూరాన్ని కొంచెం కొంచెంగా పెంచండి. వారంలో ఒక రోజైనా విశ్రాంతి తీసుకోండి. ఉద్యోగానికి మళ్లీ ప్రయత్నించవచ్చు. మూత్రపిండాలు పాడైతే తిరిగి తెచ్చుకోవడం కష్టం.