ఏ మందు పని చేసినట్టు?

నా దగ్గరికి వచ్చే రోగులకు పేర్లుండవు. ఒక నంబరు, వయసు, దేశం కోడు, ఏ గుంపులో పడ్డారు, మందు మొదలైన తేదీ, జబ్బు మళ్లీ పెరిగిన తేదీ, చనిపోయి ఉంటే ఆ తేదీ. అంతే. క్లినికల్ ట్రయల్స్ లెక్కలు చూసే కంపెనీలు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. అమీర్‌పేటలో శాస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని అలాంటి ఒకదాంట్లో చేరినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ తేదీల్లోంచి పట్టికలూ గ్రాఫులూ తీసే ప్రోగ్రాములు రాస్తాను. కొన్నేళ్లుగా నా వాటాకు ఎక్కువగా లింఫోమా ట్రయల్సే వస్తున్నాయి. నేను డాక్టర్ని కాను. నేను పని చేసిన ట్రయల్స్ గురించి బయట మాట్లాడనని సంతకం పెట్టాను కూడా. అందుకే ఇక్కడ చెప్పే ట్రయల్స్ అన్నీ ఫలితాలు బయటికొచ్చి నలుగురికీ తెలిసినవే.

ఇది రాయించింది మా మామ. కల్వకుర్తి దగ్గర వ్యవసాయం చేస్తాడు. ఆయన తమ్ముడికి లింఫోమా వచ్చి, ఆరు సైకిళ్ల కీమోతో తగ్గి, ఇప్పుడు మళ్లీ మెడ మీద గడ్డ తేలింది. కొత్త మందులు కలిపి ఇచ్చే ట్రయల్ ఒకటుంది, ఆలోచించుకోమని డాక్టరు చెప్పాడట. మామ ఫోన్ చేసి అడిగాడు: "ఇన్ని మందులున్నయంటరు గదా బిడ్డా, అన్నీ కలిపి ఒక్కసారే ఎక్కిస్తే పోదా? మళ్లా ఈ పరీక్షలెందుకు?"

తీసిపారేసే ప్రశ్న కాదిది. పెద్ద పెద్ద క్యాన్సర్ డాక్టర్లు ఏళ్ల తరబడి దీని వెంటే తిరిగారు.

ముందు జబ్బు సంగతి. ఒంట్లో ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాల్లో లింఫోసైట్లు ఒక రకం. అవి అదుపు తప్పి పెరగడమే లింఫోమా. మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కడతాయి. తరచుగా నొప్పి ఉండదు. కొందరికి జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం. టీబీ అనుకుని ముందు ఆ మందులు వాడి, తర్వాత బయాప్సీ దాకా వచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. రకాలు డజన్లకొద్దీ ఉన్నాయి. వేగంగా పెరిగేవాటిలో ఎక్కువగా కనిపించేది డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్, నెమ్మదిగా సాగేవాటిలో ఫాలిక్యులర్. మొదటిదానికి ఆర్-చాప్ అనే మందుల కట్టతో సుమారు మూడింట రెండొంతుల మందికి జబ్బు పూర్తిగా పోతుంది. మిగిలినవాళ్లకు లొంగదు, లేదా తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది.

చాప్ అంటే నాలుగు మందులు: సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోన్. ఇందులో విన్‌క్రిస్టిన్ మన వాకిళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసినది. 1970ల్లో ఈ నాలుగూ కుదురుకున్నాక మామ ప్రశ్నే అందరికీ వచ్చింది. నాలుగుతో ఇంత తగ్గితే, ఆరో ఎనిమిదో కలిపితే? ఎం-బాకాడ్, మాకాప్-బి, ప్రోమేస్-సైటాబామ్ అని మూడు పెద్ద కట్టలు తయారయ్యాయి. మూడింటిలోనూ మెథోట్రెక్సేట్ ఉంది. అది మన భీమవరం వాడైన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన మందు. ఈ కట్టలు వాడిన ఆసుపత్రులు ఒక్కొక్కటే ఫలితాలు ప్రకటించాయి. చాప్ కన్నా ఎంతో మెరుగు అన్నట్టున్నాయి ఆ అంకెలు.

అప్పుడు అమెరికాలో కొందరు నాలుగింటినీ పక్కపక్కన పెట్టారు. ఎవరికి ఏ కట్ట అన్నది డాక్టరు ఎంచుకోకుండా, రోగి అడగకుండా, చీటీ తీసినట్టు తేల్చారు. 899 మంది. ఫలితం 1993లో వచ్చింది. మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లు చాప్ గుంపులో 54 శాతం, మిగతా మూడింటిలో 50 నుంచి 52 శాతం. ఆ చిన్న తేడా లెక్కలో నిలబడదు, అంటే నాలుగూ సమానం. కానీ మందుల దెబ్బకే చనిపోయినవాళ్లు చాప్‌లో ఒక శాతం, మాకాప్-బిలో ఆరు శాతం. విడివిడి ఆసుపత్రుల్లో పెద్ద కట్టలు అంత బాగా ఎందుకు కనిపించాయంటే, అంత కఠినమైన మందులకు తట్టుకుంటారనుకున్న గట్టివాళ్లనే అక్కడ చేర్చుకున్నారు. గట్టివాళ్లు ఏ మందుతోనైనా కాస్త ఎక్కువ కాలమే ఉంటారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చూపించేది ఈ పట్టికే.

చాప్‌ను నిజంగా దాటించింది ఐదో మందు, రిటక్సిమాబ్. కణం మీద సీడీ20 అనే గుర్తును పట్టుకునే యాంటీబాడీ ఇది. మిగతా నాలుగింటిలో మూడు విషాలు, ఒకటి స్టెరాయిడ్, ఇది వేరే జాతి. 2002లో అచ్చయిన ఫ్రెంచి ట్రయల్‌లో అరవై దాటిన 399 మందిని రెండు గుంపులు చేశారు. రెండేళ్లకు బతికున్నవాళ్లు చాప్‌తో 57 శాతం, దానికి రిటక్సిమాబ్ కలిపితే 70 శాతం. ఒక్క మందు తేడా, ఒక్క ప్రశ్న, తేటగా జవాబు. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దీని బయోసిమిలర్‌ను రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చాక మన దగ్గర ఎంతోమందికి అది అందింది.

కలపడం వల్ల లాభం ఎలా వస్తుందన్నది మనం అనుకున్నంత సూటిగా ఉండదు. రెండు మందులు ఒకదానికొకటి బలమిచ్చుకుంటాయని అనుకుంటాం. హార్వర్డ్‌లో పనిచేసిన పామర్, సోర్గర్ అనే ఇద్దరు 2017లో పాత ట్రయల్స్ అంకెలు తిరగేసి ఇంకో మాట చెప్పారు. చాలా జోడీల్లో మందులు ఒకదానికొకటి సాయం చేయకపోయినా లాభం వస్తోంది, ఎందుకంటే ఒకరికి ఒకటి పడుతుంది, ఇంకొకరికి ఇంకొకటి. మామకు ఇది చెప్పడం తేలికైంది. ఆయన జొన్నలో కంది సాళ్లు వేసేది జొన్నకు కంది బలమిస్తుందనేం కాదు, వాన ఏది ముంచినా రెండోది మిగులుతుందని. "అయితే మా పాలమూరోల్లకు తెల్వని ముచ్చటేం గాదు" అన్నాడు.

చేనులో తేలిగ్గా కుదిరేది ఒంట్లో కుదరదు. చోటు తక్కువ, ప్రతి మందుకూ దాని విషం దానికుంది. అందుకే జోడీని ముందు చాలా కొద్దిమందిలో పరీక్షిస్తారు. సాధారణంగా ముగ్గురికి తక్కువ మోతాదు. ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది రాకపోతే తర్వాతి ముగ్గురికి కాస్త ఎక్కువ. ఒకరికి వస్తే అదే మోతాదులో ఇంకో ముగ్గురు. ఇద్దరికి వస్తే అక్కడితో ఆగుతారు. ఇది వట్టి తంతు అనుకునేవాళ్లకు నేను ఐడెలాలిసిబ్ కథ చెబుతాను. తిరగబెట్టిన లింఫోమాకు ఐడెలాలిసిబ్, లెనలిడోమైడ్, రిటక్సిమాబ్ మూడూ విడివిడిగా వాడినవే. డాక్టర్లకు మూడింటి చెడ్డగుణాలూ తెలుసు. అమెరికాలో మూడూ కలిపి మొదలుపెట్టారు. పన్నెండు మంది కూడా చేరకముందే ఊహించని తీవ్రమైన రియాక్షన్లు వచ్చాయి. రిటక్సిమాబ్ తీసేసి చూశారు, అయినా ఆగలేదు. ట్రయల్ శాశ్వతంగా మూసేశారు. మూడు మందుల పాత రికార్డులు ఎంత శ్రద్ధగా చదివినా ఇది ముందే తెలిసేది కాదు.

ఆ మెట్టు దాటాక అసలు లెక్క. తిరగబెట్టిన జబ్బులో 2019లో అమెరికాలో అనుమతి పొందిన పోలాటుజుమాబ్ సంగతి చూడండి. బెండమస్టిన్, రిటక్సిమాబ్ అందరికీ ఇచ్చి, సగం మందికి అదనంగా దీన్ని కలిపారు. గుంపుకు నలభై మందే. చికిత్స చివర పెట్ స్కాన్‌లో జబ్బు పూర్తిగా మాయమైనవాళ్లు కలిపిన గుంపులో 16 మంది, కలపని గుంపులో ఏడుగురు. మీడియన్ ఆయుష్షు, అంటే గుంపులో సగం మంది దాటిన కాలం, 12.4 నెలలు ఒకవైపు, 4.7 నెలలు ఇంకోవైపు. నలభై మంది చాలా తక్కువని నాలాంటివాళ్లు గొణుగుతారు, కానీ పోల్చడానికి రెండో గుంపంటూ ఉంది.

టఫాసిటమాబ్, లెనలిడోమైడ్ జోడీకి మొదట అది కూడా లేదు. 81 మందిని ఒకే గుంపుగా చేర్చుకున్నారు, వాళ్లలో 80 మందికి రెండూ అందాయి. పదిమందిలో ఆరుగురికి జబ్బు తగ్గింది. మంచిదే. ఏ మందు వల్ల? లెనలిడోమైడ్ ఒక్కటే ఇచ్చి ఉంటే ఎంతమందికి తగ్గేది? జవాబు కోసం వేరేచోట ఆ మాత్ర ఒక్కటే వాడిన రోగుల రికార్డులు వెతికి జత చేసి చూశారు. అలాంటి జతల్లో ఎన్ని లొసుగులుంటాయో చేసినవాళ్లకు తెలుసు. తర్వాత ఫాలిక్యులర్ లింఫోమాలో పద్ధతిగా చేశారు. 548 మందికి లెనలిడోమైడ్, రిటక్సిమాబ్ అందరికీ. సగం మందికి టఫాసిటమాబ్ డ్రిప్, సగం మందికి అదే రూపంలో ఉత్త డ్రిప్. ఏది ఎక్కుతోందో రోగికీ డాక్టరుకూ తెలియదు. జబ్బు పెరగకుండా గడిచిన కాలం 13.9 నెలల నుంచి 22.4 నెలలకు పెరిగింది. ఇప్పుడు ఆ ఘనత ఏ మందుదో అడిగితే చెప్పగలం.

గెలవని ట్రయల్స్ కూడా ఊరికే పోవు. మూలకణ మార్పిడికి ముందు జబ్బును అణచడానికి డీహాప్, జీడీపీ అనే రెండు కట్టలను కెనడావాళ్ల నాయకత్వంలో 619 మందిలో పోల్చారు. రెండూ సమానంగా పనిచేశాయి. జీడీపీలో బాధలు తక్కువ, వార్డులో పడుకోకుండా వచ్చిపోతూ ఎక్కించుకోవచ్చు. రోజుల తరబడి వార్డు బయట వరండాలో కూర్చునే అటెండెంటును అడగండి ఆ సమానత్వం విలువెంతో.

ఒక్కోసారి అంకె బాగున్నా గొడవ తీరదు. గ్లోఫిటమాబ్ అనే కొత్తరకం యాంటీబాడీ ఒక చేత్తో క్యాన్సర్ కణాన్ని, ఇంకో చేత్తో మన టీ-కణాన్ని పట్టుకుని దగ్గరికి చేరుస్తుంది. దీన్ని జెమ్‌సైటబిన్, ఆక్సాలిప్లాటిన్‌తో కలిపి, అవే రెండూ రిటక్సిమాబ్‌తో ఇచ్చిన గుంపుతో పోల్చారు. 274 మంది. మీడియన్ ఆయుష్షు 12.9 నెలల నుంచి 25.5 నెలలు. యూరప్ ఒప్పుకుంది. అమెరికాలో 2025 మే నెలలో, మందులకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ సలహా సంఘం ఎనిమిది ఓట్లకు ఒకటిగా, ఈ ఫలితం మా రోగులకు వర్తిస్తుందని చెప్పలేమంది. ఆ ట్రయల్‌లో అమెరికన్లు పదిమందికి ఒకరు కూడా లేరు, సగానికి పైగా ఆసియావాళ్లు. జూలైలో ఎఫ్‌డీఏ ఈ కలయికను తిప్పి పంపింది. ఆ వార్త చదివి నేను వేరే లెక్క వేసుకున్నాను. ఇంతకాలం వాళ్ల మనుషుల మీద తేలిన ఫలితాలను మనం మారు మాట లేకుండా వాడుకుంటున్నాం కదా! నేను చూసే ఫైళ్లలో లెక్కలు కట్టేవాళ్ల పేర్లు సగం తెలుగువే, దేశం కోడు దగ్గర ఇండియా మాత్రం అరుదు.

మామ రెండోసారి ఫోన్ చేసినప్పుడు అడిగింది అందరూ భయపడేదే. "మా తమ్ముడు పాత మందు గుంపుల పడితే?" ఇలాంటి ట్రయల్స్‌లో ఆ గుంపుకు వైద్యం లేకుండా వదిలేయరు, అప్పటికి వాడుకలో ఉన్న మంచి చికిత్సే ఇస్తారు. ఉత్త డ్రిప్ ఇచ్చినా దాని మీద అదనంగానే. కొత్తదే మేలని ముందే తెలిసి ఉంటే చీటీ తీయడం తప్పయ్యేది. తెలియదు కాబట్టే తీస్తున్నారు, 1993లో తేలినట్టు కొత్తదే కీడు కావచ్చు. మధ్యమధ్యలో వేరే నిపుణుల సంఘం గుంపులవారీగా అంకెలు తెరిచి చూస్తుంది. ఒక గుంపు స్పష్టంగా నష్టపోతుంటే ఆపమంటుంది. ఆ పట్టికలు తీసే టీమును మా నుంచి వేరుగా కూర్చోబెడతారు, భోజనాల దగ్గర కూడా మాట జారకూడదు.

2019 నియమాల ప్రకారం మన దేశంలో ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. ఒప్పంద పత్రం తెలుగులో అడగొచ్చు, ఇంటికి తెచ్చుకుని చదువుకోవచ్చు. స్కాన్ల ఖర్చు ఎవరిది, దారిఖర్చులిస్తారా, ఇందులో చేరితే తర్వాత మూలకణ మార్పిడికో, కార్-టీ అనే కణ చికిత్సకో దారి మూసుకుపోతుందా అన్నవి డాక్టరునే అడగాలి. 2009 జూన్ నుంచి మన దగ్గర జరిగే ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాల్సిందే, ఎవరైనా తెరిచి చూడొచ్చు. మామను ఈ ట్రయల్ నమోదు నంబరు కనుక్కుని వాట్సాప్‌లో పంపమన్నాను. వచ్చాక నేను మొదట చూసేది కొత్త మందు పేరు కాదు, రెండో గుంపుకు ఏమిస్తున్నారన్నది.