బండి మొరాయిస్తే ఏం చెయ్యాలి?

పాల క్యాను డెయిరీకి పోయేది బండి మీదే. కూరగాయల గంప సంతకు చేరేది బండి మీదే. జ్వరం వచ్చిన ముసలమ్మను ఆసుపత్రికి తీసుకుపోయేది కూడా చాలా ఇళ్లలో బండి మీదే. అలాంటి బండి తెల్లవారుజామున మొరాయిస్తే ఏమవుతుంది? ఆ రోజు కూలి పోయినట్టే. పాలు విరిగిపోతాయి. సంత మన కోసం ఆగదు.

అప్పుడు మనం ఏం చేస్తాం? కోపంతో కిక్కు మీద కిక్కు కొడతాం. కాలు నొప్పి పుడుతుంది. బండి మాత్రం కదలదు. చివరికి రెండు మైళ్లు తోసుకుంటూ మెకానిక్కు దగ్గరికి పోతాం. ఆయన ఒక చిన్న ముక్క విప్పుతాడు. గుడ్డతో తుడిచి బిగిస్తాడు. ఒక్క కిక్కుకు బండి బుర్రుమంటుంది. "ఇంతేనా!" అనుకుంటాం.

బండి ఊరికే ఆగదు. దానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని వరసగా ఎలా వెతకాలో తెలుసుకుందాం.

ఇంజను ఎలా నడుస్తుంది?

మన ఇంట్లో పొయ్యి సంగతి చూడండి. పొయ్యి మండాలంటే కట్టెలు కావాలి. గాలి కావాలి. అగ్గిపుల్ల కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పొయ్యి మండదు.

ఇంజను కూడా అంతే. కట్టెల బదులు పెట్రోలు. అగ్గిపుల్ల బదులు ప్లగ్గు. గాలి ఎప్పటిలాగే గాలి. కార్బురేటరు అనే భాగం పెట్రోలును, గాలిని కలుపుతుంది. ఆ మిశ్రమం ఇంజనులోకి పోతుంది. లోపల పిస్టను దాన్ని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు ఒక నిప్పురవ్వ ఇస్తుంది. మిశ్రమం భగ్గున మండి పిస్టనును తోస్తుంది. ఆ తోపుతోనే చక్రం తిరుగుతుంది.

కాబట్టి బండి స్టార్టు కాకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి. పెట్రోలు వస్తోందా? గాలి వస్తోందా? నిప్పురవ్వ వస్తోందా?

ముందు ఖర్చు లేని పనులు

పానా పట్టే ముందు ఈ అయిదూ చూడండి.

1. ట్యాంకులో పెట్రోలు ఉందా? ముల్లును నమ్మవద్దు. ముల్లు చెడిపోయి ఉండవచ్చు. పగటి వెలుతురులో మూత తీసి చూడండి. పాత బండ్లకు, మోపెడ్లకు పెట్రోలు కుళాయి ఉంటుంది. అది మూసి ఉందేమో చూడండి. పెట్రోలు తగ్గితే కుళాయిని రిజర్వు వైపు తిప్పండి.

2. తాళం సరిగా తిప్పారా? కొన్ని బండ్లకు హ్యాండిలు మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్చి ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని నొక్కి పోతారు.

3. పక్క స్టాండు తీశారా? ఈ మధ్య వచ్చిన చాలా బండ్లు పక్క స్టాండు వేసి ఉంటే స్టార్టు కావు. మనం పడిపోకుండా ఆ ఏర్పాటు చేశారు. గేర్లు లేని స్కూటరుకు బ్రేకు పట్టుకుని సెల్ఫు నొక్కాలి. బ్రేకు పట్టకపోతే సెల్ఫు తిరగదు.

4. సెల్ఫు నొక్కితే టకటక మని ఆగిపోతోందా? హారను నీరసంగా మోగుతోందా? అయితే బ్యాటరీలో బలం తగ్గింది. కిక్కు ఉంటే కిక్కు కొట్టండి. తరవాత బ్యాటరీ చార్జింగు చేయించండి.

5. చలికాలం పొద్దున్నే ఇంజను చల్లగా ఉంటుంది. అప్పుడు చోక్ లాగి కిక్కు కొట్టాలి. ఇంజను వేడెక్కాక చోక్ మూసెయ్యాలి. మూయడం మరిచిపోతే కొంత దూరం పోయాక బండి అదురుతూ ఆగిపోతుంది.

పెట్రోలు ఎక్కువైనా కష్టమే

తడి కట్టెలు మండవు కదా! ఇంజను సంగతీ అంతే. చోక్ లాగి పదే పదే కిక్కు కొడితే లోపల పెట్రోలు ఎక్కువవుతుంది. ప్లగ్గు తడుస్తుంది. పెట్రోలు వాసన గుప్పుమంటుంది.

అప్పుడు కిక్కు కొట్టడం ఆపండి. చోక్ మూయండి. అయిదు, పది నిమిషాలు ఆగండి. తరవాత ఆక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టండి. గాలి ఎక్కువగా పోయి లోపలి తడి ఆరుతుంది. ఇంజను అందుకోగానే ఆక్సిలరేటరు తగ్గించండి.

ప్లగ్గును చూస్తే తెలుస్తుంది

ఇంకా స్టార్టు కాలేదా? ఇప్పుడు ప్లగ్గు పానా తియ్యండి. ఇంజను వేడిగా ఉంటే చల్లారనివ్వండి. ప్లగ్గు మీది టోపీ లాగి, ప్లగ్గు విప్పండి. దాని కొనను చూడండి. నాలుక చూసి డాక్టరు జబ్బు చెప్పినట్టు, ప్లగ్గును చూసి మనం ఇంజను సంగతి చెప్పవచ్చు.

కొన బిస్కట్టు రంగులో ఉంటే ఇంజను బాగా మండుతున్నట్టు.

ఎన్ని కిక్కులు కొట్టినా పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావడం లేదు. కుళాయిలోనో, పైపులోనో, కార్బురేటరులోనో నలక అడ్డుపడి ఉంటుంది.

పెట్రోలుతో తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, కానీ మండటం లేదు. తుడిచి ఆరబెట్టి బిగించండి. అయినా కాకపోతే ప్లగ్గుకు కరెంటు రావడం లేదేమో!

నల్లగా మసి పట్టి ఉంటే వైరు బ్రష్షుతో గానీ ఎమరీ కాగితంతో గానీ శుభ్రం చెయ్యండి. మసి రవ్వను అడ్డుకుంటుంది.

ప్లగ్గు కొన దగ్గర చిన్న సందు ఉంటుంది. నిప్పురవ్వ ఆ సందులోనే దూకుతుంది. చాలా బండ్లకు ఆ సందు 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మీ బండికి ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

ప్లగ్గును తిరిగి పెట్టేటప్పుడు ముందు చేతి వేళ్లతో తిప్పండి. మర సరిగా కూర్చున్నాక పానాతో బిగించండి. మొదటే పానాతో బలంగా తిప్పితే మరలు చెడిపోతాయి. అప్పుడు చిన్న ఖర్చు పెద్ద ఖర్చవుతుంది.

పోతూ పోతూ ఆగిపోతే

చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క మోపెడ్ మీద ఊరూరా చేపలు అమ్ముతుంది. ఆమె ఇలా అడిగింది. "టీచరమ్మా, నా బండి రెండు మైళ్లు బాగానే పోతది. తరవాత ఆగిపోతది. కాసేపు నిలబడితే మళ్లీ నడుస్తది. ఇదేం మాయ?"

మాయ కాదు. ఆ బండి ట్యాంకు మూతకు సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ఆ రంధ్రం గుండా ట్యాంకులోకి గాలి పోవాలి. మట్టితో రంధ్రం మూసుకుపోతే గాలి పోదు. గాలి పోకపోతే పెట్రోలు దిగదు. నీళ్ల డబ్బాకు ఒకటే బెజ్జం పెడితే నీళ్లు సరిగా కారవు కదా, అలాగన్నమాట. బండి ఆగినప్పుడు మూత తిప్పి చూడండి. సుయ్ మని గాలి లోపలికి పోయి, తరవాత బండి నడిస్తే దోషం ఆ మూతదే. రంధ్రం శుభ్రం చేస్తే సరిపోతుంది.

వానలో తడిశాక ఆగితే ప్లగ్గు టోపీని, వైరును పొడి గుడ్డతో తుడవండి. ట్యాంకులోకి కూడా నీళ్లు దిగుతాయి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. నీళ్లు ఎక్కువగా చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది. బండి ముందుగా ఆ అడుగు నీళ్లనే పీలుస్తుంది. ఇక అది మండదు. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించాలి. అందుకే వానాకాలం ట్యాంకు మూత గట్టిగా పెట్టండి.

బండి లాగకుండా నల్లపొగ వదులుతుంటే ఎయిర్ ఫిల్టరు చూడండి. మన మట్టి రోడ్ల దుమ్మంతా అందులోనే చేరుతుంది. కాగితపు ఫిల్టరును నీళ్లతో కడగవద్దు. పాడైతే మార్చాలి.

పాత స్కూటరును ఎందుకు వంచేవారు?

బజాజ్ చేతక్ స్కూటరు 1972లో వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరే దానికి పెట్టారు. ఆ స్కూటరును పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టేవారు. చాలామంది అది అలవాటుగా చేసేవారు. దాని వెనక కారణం ఉంది. వంచితే ట్యాంకులో మిగిలిన కాస్త పెట్రోలు కుళాయి వైపు చేరుతుంది. కార్బురేటరులోకి కూడా పెట్రోలు ఎక్కువ వస్తుంది. అయితే ఇలా చేస్తే పెట్రోలు ఒలికే ప్రమాదం ఉంది. ఒలికితే తుడిచి, ఆరిన తరవాతే కిక్కు కొట్టాలి.

అలాంటి పాత టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోలులో ఆయిలు కలపాలి. చాలావాటికి లీటరుకు 20 మిల్లీలీటర్లు. అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఆయిలు ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గుకు మసి పడుతుంది. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. అది పెద్ద ఖర్చు.

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ తరవాత తయారైన చాలా స్కూటర్లలో కార్బురేటరు లేదు. ఇంజెక్టరు ఉంది. వాటిలో ఇంజను బొమ్మ ఉన్న దీపం ఉంటుంది. బండి స్టార్టయ్యాక కూడా ఆ దీపం వెలుగుతూ ఉంటే మెకానిక్కుకు చూపించండి. మనం విప్పవద్దు.

ఈ పనులు ఎప్పుడూ చెయ్యవద్దు

• అగ్గిపుల్ల గానీ లైటరు గానీ వెలిగించి ట్యాంకులోకి చూడవద్దు. పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు. కానీ మంటను అందుకుంటుంది. ప్రాణం పోతుంది.

• బీడీ, సిగరెట్టు తాగుతూ బండి పని చెయ్యవద్దు.

• నోటితో పైపు పెట్టి పెట్రోలు పీల్చవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. ఎవరైనా మింగితే వాంతి చేయించవద్దు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోండి.

• నీళ్ల సీసాలో పెట్రోలు పోసి ఇంట్లో పెట్టవద్దు. పిల్లలు నీళ్లనుకుని తాగుతారు.

• తలుపులు మూసిన గదిలో ఇంజను నడపవద్దు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది.

మెకానిక్కు దగ్గర

అన్నీ చూశాం. అయినా బండి కదల్లేదు. అప్పుడు మెకానిక్కు దగ్గరికి పోవాల్సిందే. కానీ "బండి చెడిపోయింది" అని ఊరుకోవద్దు. "పెట్రోలు వస్తోంది, ప్లగ్గు తడిగా ఉంది, శుభ్రం చేసినా కాలేదు" అని చెప్పండి. ఆయనకు పని తేలిక. మనకు సమయం కలిసొస్తుంది.

ఏదైనా భాగం మారిస్తే పాత భాగం చూపించమని అడగండి. బిల్లు రాయించుకోండి. ఏ భాగానికి ఎంత, కూలి ఎంత అని మీరే చదవండి. మీకు ఇప్పుడు చదవడం, లెక్క వచ్చు కదా! అడగడానికి మొహమాటం వద్దు. అది మీరు కష్టపడి సంపాదించిన డబ్బు.

చెప్పండి చూద్దాం

1. ఇంజనుకు కావలసిన మూడు వస్తువులు ఏవి?
2. ప్లగ్గు పొడిగా ఉంటే ఏం అర్థం చేసుకోవాలి?
3. టూ స్ట్రోక్ బండిలో 3 లీటర్ల పెట్రోలు పోశారు. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఎంత ఆయిలు కలపాలి?
4. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బండి పుస్తకం ఉంటే తెచ్చి, అందులో ప్లగ్గు గురించి ఏం రాశారో అందరికీ చదివి వినిపించండి.