భూమికి భారముకాని వస్త్రము

ఆబిడ్స్ పేరు వినని హైదరాబాదు గృహస్థు ఉండడు. అది ఒక వర్తకుని పేరని ఎరిగినవారు మాత్రము కొందరే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను యూదుడు ఉండెడివాడు. ప్రభువు దుస్తులను, అలంకారములను కనిపెట్టుకొని ఉండుట అతని పని. అతడు పెట్టిన దుకాణము పోయినది; పేరు ప్రాంతమునకు నిలిచినది. మహబూబ్ అలీఖాను ఒకసారి తొడిగిన దుస్తులను మరల తొడుగడని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన దుస్తులకై కట్టించిన పొడవైన బీరువాల శాలను నేటికిని చూడవచ్చును. ప్రభువు విడిచిన మేజోళ్ళను ఆబిద్ శుభ్రము చేయించి, కొత్తవని చెప్పి ఆయనకే మరల అమ్మెడివాడని నగరములో ఒక కథ కలదు. కథ కథయే కావచ్చును. పారవేయవలసిన వస్తువునకు రెండవ జన్మము కల్పించినవాడుగా ఆబిద్‌ను మేము కొంత మెచ్చుకొనక తప్పదు.

అట్టి వేడుక ఒక్క ప్రభువునకు పరిమితమై ఉన్నంతకాలము భూమి ఓర్చుకొన్నది. నేడు చవుకగా దొరకు సిద్ధపు దుస్తుల మూలమున ప్రతి ఇంటను ఒక చిన్న మహబూబ్ అలీఖాను వెలసినాడు. నాలుగుసార్లు తొడిగిన చొక్కా పాతదగుచున్నది. ఒక నూలు చొక్కా వెనుక సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చగునని తరచుగా ఉదాహరింపబడు ఒక లెక్క. తెలంగాణములో ప్రత్తి అధికభాగము వర్షాధారము గనుక ఆ అంకె మన చేలకు యథాతథముగా వర్తింపదు. ఐనను ధర చీటీపై కనబడని ఖర్చు ఒకటి ఉన్నదని తెలియుటకు అది చాలును. ఇక పాలియెస్టరు అనునది భూగర్భ తైలమునుండి పుట్టిన దారము. ఉతికినప్పుడెల్ల దానినుండి కంటికానని పోగులు రాలి కాలువలలో కలియును. అవి మట్టిలో చివికిపోవు జాతివి కావు.

మహబూబ్ అలీఖాను కుమారుడు ఉస్మాన్ అలీఖాను పోకడ వేరు. సాదా బట్టలు, ఏండ్ల తరబడి అదే టోపీ. ఆయన పొదుపును గూర్చిన కథలు తండ్రి విలాసమును గూర్చిన కథలకు తీసిపోవు. 1938లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో తొలి నుమాయిషును ప్రారంభించినది ఆయనయే. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొలదిపాటి మూలధనముతో, దాదాపు 50 దుకాణములతో దానిని నెలకొల్పిరి. సంస్థానములో తయారైన వస్తువులను ఇక్కడివారికి పరిచయము చేయుట వారి ఉద్దేశము. 1946లో అది నేటి ఎగ్జిబిషన్ మైదానమునకు మారినది. దగ్గర తయారైనదానిని దగ్గరివారు కొనవలెనన్న ఆనాటి తలంపే నేడు పర్యావరణమను కొత్త పేరుతో తిరిగి వచ్చుచున్నదని మా అభిప్రాయము. నేటి నుమాయిషులో యంత్రపు చవుక సరుకునకు కొదువ లేదన్నది వేరు మాట.

చేనేత బట్ట అయినచో చాలును, దోషమేమియు లేదని కొందరు అనుకొందురు. ఇది కొంతవరకే నిజము. చేమగ్గమునకు విద్యుచ్ఛక్తి అక్కరలేదు; నేత నేతగాని కాళ్ళుచేతులతోనే సాగును. కాని మగ్గమెక్కు నూలు చాలవరకు మిల్లులలో వడికినది. రంగులు చాలవరకు రసాయనములు. 1897లో జర్మనీ దేశమునుండి కృత్రిమపు నీలిమందు అంగడికి వచ్చినది మొదలు మన నీలి తొట్లు ఒకటొకటిగా ఎండిపోయినవి. అద్దకపు నీటిని శుద్ధి చేయక వదలినచో మొదట నష్టపడునది ఆ నేతగాని ఊరి బావియే. కనుక చేనేత అని ఊరకుండక, రంగు ఏది, నూలు ఎక్కడిది అని కూడ అడుగవలెను.

రంగు విషయమున మనకు పాత విద్య లేకపోలేదు. నీలిమందు, చిరివేరు, కరక్కాయ వీనితో అద్దిన బట్టలు నేటికిని దొరకును. నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలో నేయు తేలియా రుమాలునే తీసికొందము. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను దినముల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, పిమ్మట చిటికి కట్టి అద్దుదురు. నూనె పట్టించుటవలననే ఆ పేరు. ఒకప్పుడు ఇవి అరబ్బు దేశములకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యెడివి. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

నూలు విషయమున జరిగిన ప్రయత్నము మరింత ఆసక్తికరము. చేనుమీది ప్రత్తి దూదిపింజ వలె మెత్తనిది. దూరపు మిల్లులకు పంపుటకై దానిని యంత్రములతో అదిమి 170 కిలోల బేళ్ళుగా బిగింతురు. మిల్లులో మరల మరియొక యంత్రముతో ఆ బిగువును విప్పవలెను. ఈ అదుముట, విప్పుట రెంటికిని శక్తి ఖర్చగును. పోగు సహజమైన మార్దవము కోల్పోవును. ప్రత్తి పండిన చోటనే చిన్న యంత్రములతో వడికినచో బేలు అవసరమే ఉండదు గదా! హైదరాబాదునకు చెందిన ఉజ్రమ్మ గారు మొదలగువారు ఈ శతాబ్దపు తొలి దశకములో ఈ తలంపుతోనే ‘మల్ఖా’ బట్టను తెచ్చిరి. మల్‌మల్, ఖాదీ అను రెండు మాటల కలయిక ఆ పేరు. అది మిల్లు బట్టకంటె ప్రియమే. కాని రైతు, వడుకువారు, నేతగాడు దగ్గర దగ్గరగా ఉండి బ్రతుకుటకు అయ్యెడి వెల అది.

నుమాయిషుకో, ఆబిడ్స్ దుకాణములకో పోయినప్పుడు చిటికి చీర అంచును తిరుగవేసి చూడుడు. నూలుకే రంగు వేసి నేసినది గనుక నిజమైన చీర రెండువైపుల ఒకే తీరున ఉండును. అచ్చు వేసిన నకలు వెనుకవైపున వెలవెలబోవును. 2006 నుండి అమలులో ఉన్న చేనేత గుర్తు చీటీని కూడ అడుగుడు. అడుగువారు లేనందుననే చాల దుకాణములలో నకలు అసలు పేరుతో చెల్లుచున్నది.

కొన్న తరువాతి బాధ్యత ఇంటిది. పాత నూలుచీర మన ఇండ్లలో ఎన్నడును వృథా కాలేదు. మెత్తబడినది పసిబిడ్డకు ఉయ్యాల, పొత్తిగుడ్డ, నాలుగు చీరలు కలిపి కుట్టినచో బొంత, చివరికి మసిగుడ్డ. పాలియెస్టరు చీర బొంతకు పనికిరాదు, చెమటను పీల్చదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చు వీధి వర్తకుడు కూడ ఈ తేడా ఎరుగును.

సహజపు రంగులు అద్దిన వస్త్రమును మొదటి రెండుమూడుమార్లు విడిగా చన్నీట, కుంకుడురసముతో ఉతుకవలెను. నీలిరంగు తొలుత కొంత వదలును, అంతమాత్రమున బెదరనక్కరలేదు. నీడన, తిరుగవేసి ఆరవేయుడు.