భోజనం తర్వాత పది నిమిషాలు

కూర కలపకుండా ఒక అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా ఒక నిమిషం నమిలి చూడండి. మెల్లమెల్లగా తియ్యగా మారుతుంది. లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని అప్పుడే చక్కెరగా విడగొట్టడం మొదలుపెట్టిందన్నమాట. మిగతా పని చిన్నపేగు పూర్తిచేసి, గ్లూకోజును రక్తంలోకి పంపుతుంది.

ఎంత పంపుతుందో లెక్క వేద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో పరగడుపున ఆ రక్తమంతటిలో తిరిగే గ్లూకోజు దాదాపు 5 గ్రాములే, అంటే ఒక చిన్న చెంచాడు. మరి కంచంలో వడ్డించుకున్న 250 గ్రాముల తెల్లన్నంలో పిండిపదార్థం దాదాపు 70 గ్రాములు. రక్తంలో ఉన్నదానికి పద్నాలుగు రెట్లు!

దీన్ని దాచుకోవడానికి శరీరంలో ఉన్న అతి పెద్ద గాదె కండరాలే. ఆ గాదెకు తలుపులు గ్లట్-4 అనే ప్రోటీన్లు. మామూలుగా ఇవి కండరకణం లోపలే ఉంటాయి. ఇన్సులిన్ కబురు అందగానే కణం అంచుకు వచ్చి గ్లూకోజును లోపలికి రానిస్తాయి. టైప్-2 మధుమేహంలో ఆ కబురు సరిగా అందదు. తలుపులు తెరుచుకోక చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. ఏళ్ల తరబడి అలా నిలిస్తే కళ్లలో, మూత్రపిండాల్లో ఉండే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి.

అయితే ఆ తలుపులకు ఇంకో దారి ఉంది. కండరం కదిలితే చాలు, ఇన్సులిన్ కబురుతో పని లేకుండానే అవి తెరుచుకుంటాయి. మధుమేహం ఉన్నవాళ్లలోనూ ఈ దారి పనిచేస్తుంది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు టైప్-2 మధుమేహం ఉన్న 41 మందిని కొన్నాళ్లు రోజులో ఏదో ఒక వేళ 30 నిమిషాలు, మరికొన్నాళ్లు ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు నడవమన్నారు. మొత్తం నడక సమానమే. అయినా భోజనాల తర్వాత నడిచిన రోజుల్లో, తిన్నాక పెరిగే చక్కెర సగటున 12 శాతం తగ్గింది. రాత్రి భోజనం తర్వాత 22 శాతం తగ్గింది. 2016లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

మనం గట్టిగా పట్టించుకోవలసింది ఆ రాత్రి పూట సంగతే. తొమ్మిదింటికి కడుపునిండా అన్నం, ఆ వెంటనే టీవీ, ఆపైన మంచం. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారు. తిన్నాక వంద అడుగులు వేయమని పెద్దలు చెప్పిన మాటను మళ్లీ పట్టుకోవలసిన సమయం ఇది.

దీనికి పార్కు అక్కర్లేదు. మేడ మీదో, అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనో మాట్లాడుకుంటూ నడిచే వేగం చాలు. తిన్న అరగంటలోపే మొదలుపెట్టండి. ఇన్సులిన్ గానీ చక్కెరను తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు ముందు డాక్టరును అడగండి. నడిస్తే గుండెల్లో నొప్పి వచ్చేవాళ్లయితే డాక్టరుకు చూపించుకోకుండా మొదలుపెట్టకండి.

ఇంకొక్క మాట. చాలా ఇళ్లలో అందరికన్నా చివర తినేది అమ్మ. వంటిల్లు సర్దుకునేసరికి ఆమెకు పడుకునే వేళవుతుంది. ఎవరి కంచం వాళ్లు తీసి, తలా ఒక గిన్నె కడిగితే మన కండరాలూ కదులుతాయి, ఆమెకూ పది నిమిషాలు మిగులుతాయి. ఆ పది నిమిషాలూ ఆమెతో కలిసి నడవండి.