తంజావూరు

తమిళనాడులో కావేరీనది డెల్టాయందు తంజావూరు అను ప్రాచీన నగరము కలదు. చోళులు, తెలుగు నాయకరాజులు, మహారాష్ట్ర ప్రభువులు దీనిని రాజధానిగా చేసికొని పాలించిరి. పిన్నలును పెద్దలును కలిసి చూచి ఆనందింపదగిన విశేషములు ఇచట పెక్కు గలవు.

వానిలో మొదట చూడవలసినది బృహదీశ్వరాలయము. మొదటి రాజరాజచోళుడు కట్టించిన ఈ ఆలయము క్రీ.శ. 1010లో పూర్తియయ్యెను. దీని విమానము సుమారు 216 అడుగుల ఎత్తు కలది. ఊరి చుట్టును వరిపొలములే కాని కొండలు లేవు. కావున శిలలను దూరము నుండి తేవలసి వచ్చెను. ఈ శిఖరపు నీడ నేలపై పడదని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. ఉదయమున గాని సాయంకాలమున గాని ఆవరణలో నిలిచినచో, ఆ పొడవైన నీడను బాలురే చూచి తెలిసికొనగలరు.

గర్భాలయము చుట్టునున్న లోపలి గోడలపై నాయకరాజుల కాలపు చిత్రములుండెను. వాని అడుగున చోళుల నాటి చిత్రములు దాగియున్నట్లు 1931లో బయల్పడెను. నిపుణులు కొన్నిచోట్ల పైపొరను చెడకుండ విడదీసి, వేరు పలకలపై అతికించి, రెండు కాలముల చిత్రములను కాపాడిరి.

పిమ్మట చూడవలసినది రాజభవనములోని సరస్వతీ మహలు గ్రంథాలయము. నాయకరాజుల ఆస్థానమున తెలుగు మిక్కిలి వర్ధిల్లెను. రఘునాథనాయకుడు స్వయముగా తెలుగున కావ్యములు రచించెను. తరువాత వచ్చిన ప్రభువుల మాతృభాష మరాఠీ. అయినను వారు ఆ గ్రంథములను పారవేయలేదు. 1798 మొదలు 1832 వరకు రాజుగా నుండిన రెండవ శరభోజి వానికి వేలకొలది గ్రంథములను చేర్చెను. నేడు అచట సంస్కృత, తమిళ, మరాఠీ గ్రంథములతోపాటు తెలుగు వ్రాతప్రతులు వందలకొలది కలవు. తాటాకును పురుగు తినును. ఎండిన ఆకు పెళుసై విరుగును. అందుచే ఆకులను తుడిచి, నిమ్మగడ్డి నూనె పూసి భద్రపరచుదురు. ఈ పని ఒక తరముతో ముగియునది కాదు.

బాలబాలికలకు ప్రీతియైనవి తంజావూరు బొమ్మలు. వీనిలో ఒక విధమైన బొమ్మకు అడుగుభాగము గుండ్రముగను బరువుగను ఉండును. ప్రక్కకు వంచి విడిచినచో, బరువంతయు అడుగుననే యుండుటచే అది ఊగిసలాడి మరల నిటారుగ నిలుచును.

నగరమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కావేరీ తీరమున తిరువయ్యారు కలదు. 1847లో దివంగతుడైన త్యాగరాజస్వామి సమాధి అచటనే యున్నది. ఏటేట పుష్య బహుళ పంచమినాడు గాయకులెందరో గుమిగూడి ఆయన పంచరత్న కీర్తనలను ఏకకంఠముతో పాడుదురు. తెలుగు మాతృభాష కానివారు సైతము ఆ కీర్తనలను భక్తితో నేర్చి పాడుట విశేషము.

ఒకరు నిర్మించినదానిని మరియొకరు కాపాడుటచేతనే తంజావూరు వైభవము నేటికిని నిలిచియున్నది. అచటికి పోవు బాలబాలికలు గోడలపై పేర్లు చెక్కక, శిల్పములను చెరపక తిరిగి వచ్చినచో, వారును ఆ కాపాడినవారిలో చేరినవారే యగుదురు.